అబద్ధాల తక్కెడ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ కనబడ్డవాళ్ళందరికీ చెప్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా తక్కెడలు బాగుచేసి బతుకుతున్నాను. గోరంత తేడాని కూడా ఓర్చుకోకపోవడమే నా పని. ఆ బుద్ధి ఇంటికొచ్చాక చొక్కాతో పాటు విప్పి కొక్కేనికి తగిలించడం కుదరదు కదా. కూరలో ఉప్పు ఎక్కువైతే ఎన్ని చిటికెలు ఎక్కువైందో చెప్పేస్తాను. అలా చెప్పినందుకు చాలాసార్లు పస్తులున్నాను.

ఆవిడ నాకు పూర్తిగా ఎదురు. పిల్లల గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని చేసేది. ఊడిపోయిన పేజీలు ఎలాగూ దొరకవు కాబట్టి, వాటిలో ఏముండేదో తనే ఊహించి పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు పుస్తకంతో పని లేకుండా పోయింది. కథలన్నీ తనే అల్లేది. రిటైరయ్యాక కూడా ప్రతి శనివారం పది గంటలకు గ్రంథాలయం వెనక గదిలో కథ చెప్తూనే ఉంది. వారంలో మిగతా ఆరు రోజులూ ఆ గంట కోసమే బతుకుతుందని నాకు తెలుసు. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అంటే లోకువైపోతానని భయం.

నేను ఆ గదిలోకి మొదటిసారి అడుగుపెట్టింది పార్సిళ్ళు తూచే పాత కాటా మరమ్మతు కోసం. మూలన కూర్చుని నా పని నేను చేసుకుంటున్నాను. కథలో ఏనుగు రాజకుమారుడు తన వందమంది తమ్ముళ్ళనీ ఒక్క కాగితం పడవలో ఎక్కించి నది దాటిస్తున్నాడు.

"మునిగిపోతుంది," అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను.

పిల్లలందరూ నా వైపు తిరిగారు. మా ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. ఆ చూపు నాకు పెళ్ళయిన మొదటి వారం నుంచి తెలుసు.

"అంత తెలిసినవారు మూలన కూర్చోవడం దేనికి? వచ్చి తేల్చండి," అంది.

చేతులు కడుక్కునే తొట్టిలో నీళ్ళు నింపాం. కాగితం పడవ చేశాం. అట్టలు కుట్టే రోజుల నుంచీ ఆవిడ దగ్గరున్న గుండీల డబ్బా తెచ్చి, ఒక్కో గుండీ ఒక్కో ఏనుగనుకుని పడవలో వేశాం. పదిహేడో ఏనుగుకి పడవ మునిగింది. నేను మీసం మెలేశాను. అంతలో ఒక పిల్లాడు అంతే కాగితాన్ని వెడల్పుగా, అంచులు పైకి మడిచి పళ్ళెంలా చేశాడు. అది యాభై మూడు ఏనుగుల్ని మోసింది. కథలో రాజకుమారుడు పడవలు చేసేవాడి దగ్గరికి వెళ్ళి, వెడల్పాటి అడుగున్న పడవలు రెండు చేయించుకున్నాడు. తమ్ముళ్ళందరూ క్షేమంగా అవతలి ఒడ్డు చేరారు. మునిగిన పదిహేడుమందికి ఈత వచ్చని మా ఆవిడ అప్పటికప్పుడు కనిపెట్టింది.

అప్పటి నుంచి ఆ గదికి ఒక కట్టుబాటు ఏర్పడింది. కథలో ఏ సంగతి మీదైనా ఎవరికైనా అనుమానం వస్తే చెయ్యెత్తి "కథ ఆపు" అనాలి. ఆవిడ మాట మధ్యలోనైనా సరే ఆపేస్తుంది. బల్ల మీద ఆ సంగతి తేలేదాకా కథ ముందుకు కదలదు. ఒకసారి ఒక చీమ గ్రంథాలయం ఎత్తు ఎంతో తెలుసుకోవాలనుకుంది. పిల్లలు కర్ర పాతి, కర్ర నీడా మేడ నీడా కొలిచి, మబ్బు పట్టిందని వాయిదా వేసి, మళ్ళీ కొలిచి, మూడు వారాలు తీసుకున్నారు. ఆ మూడు వారాలూ పాపం చీమ ఒంటికాలి మీద నిలబడే ఉంది. అలా నాలుగేళ్ళు గడిచాయి. ఆవిడ కథ, నా గొణుగుడు, పిల్లల చేతులు, ఈ మూడూ కలిస్తేనే శనివారం.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి ఉంది. పదేళ్ళుంటాయి. అందరూ నిదానం అని పిలుస్తారు. పుస్తకం తీయడం నిదానం, మాట్లాడటం నిదానం, నవ్వు కూడా అందరూ నవ్వి ఊరుకున్నాక వస్తుంది. బడిలో లెక్కల పరీక్షకు ఇచ్చిన గంటలో సగం ప్రశ్నలు కూడా పూర్తి చేయదు కాబట్టి సగం మార్కులు కూడా రావు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు, శనివారం డ్యూటీకి వెళ్తూ ఇక్కడ దింపి వెళ్తుంది. నిజం చెప్పొద్దూ, ఆ పిల్ల నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా ఆవిడ మాత్రం, "నిదానమే ప్రధానం అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?" అనేది. "ఆలస్యం అమృతం విషం అని కూడా వాళ్ళే అన్నారు," అనేవాణ్ణి నేను.

ఇలా ఉండగా గ్రంథాలయాలకి కొత్త అధికారి వచ్చాడు. వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు, గొంతు పెంచడు. అలాంటివాళ్ళతోనే భయం. మా ఇద్దర్నీ కూర్చోబెట్టి విషయం చెప్పాడు.

"ఆ వెనక గది మాకు పరీక్షల శిక్షణకి కావాలమ్మా. శనివారం తప్ప పిల్లలకి కుదరదు. కథలు మంచివే, కాదనను. కానీ కథ వింటే ఏం వస్తుందని పైవాళ్ళు అడిగితే నా దగ్గర జవాబు లేదు."

"పిల్లలు లెక్కలూ సైన్సూ నేర్చుకుంటున్నారు సార్," అన్నాన్నేను.

అతను ముందున్న కాగితం చూశాడు. "ఈ అమ్మాయి మీ దగ్గరికి రెండేళ్ళుగా వస్తోంది. బడిలో లెక్కల్లో వందకి ముప్పై ఒకటి." వేలు నిదానం పేరు మీద ఉంది. "వచ్చే శనివారం నేనే వచ్చి చూస్తాను. చూశాక నిర్ణయం చెప్తాను. తల్లిదండ్రుల్ని కూడా రమ్మనండి."

ఇంటికొచ్చాక మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. నా మీద కోపం వస్తే మాట్లాడకపోవడం మామూలే, దానికి నేను అలవాటుపడ్డాను. ఇది ఆ మౌనం కాదు. గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రంగు రంగుగా విడదీసి, మళ్ళీ కలిపేస్తూ కూర్చుంది. మూడో రోజు పొద్దున్న ఉన్నట్టుండి, "మీరు తక్కెడ తీసుకురండి. తొమ్మిది ఉండల కథ చెప్తాను," అంది.

కథ ఇది. చీకటి రాక్షసుడు ఒక చిన్న నక్షత్రాన్ని ఎత్తుకుపోయి మట్టి ఉండలో దాచాడు. అలాంటివే ఇంకో ఎనిమిది ఉండలు చేసి అన్నిటినీ కలిపేశాడు. చూడ్డానికి అన్నీ ఒకటే. నక్షత్రానికి బరువుండదు కాబట్టి అదున్న ఉండ మాత్రం కాస్త తేలిక. వెతకడానికి వచ్చింది గబ్బిలం అవ్వ. ఆమెకు చూపు ఆనదు, అందుకే తూచాలి. రాక్షసుడు తన తక్కెడే ఇచ్చాడు. రెండే రెండు సార్లు తూచాలి, తప్పు ఉండ పగిలితే నక్షత్రం ఆరిపోతుంది. ఇదీ అతని షరతు.

ఎనిమిది ఉండలు నేనే నా కొట్లో తూచి, చెక్కి, మళ్ళీ తూచి, అన్నీ ఒకే బరువు చేశాను. తొమ్మిదోది మా ఆవిడ బోలుగా చేసి, లోపల వెండి కాగితంతో చేసిన నక్షత్రాన్ని పెట్టి మూసింది. ఇక్కడ నేను చేసిన ఒక పాడుపని ఒప్పుకోవాలి. వాగుడుకాయ అని ఒక పిల్లాడున్నాడు, నోట్లో నువ్వు గింజ నానదు. గురువారం వాడు కొట్టు ముందునుంచి వెళ్తుంటే పిలిచి, "తొమ్మిదింటిని మూడు మూళ్ళు చేస్తే సుఖం," అని ఒక మాట వాడి చెవిలో వేశాను. బల్ల మీద తేలాల్సింది ముందే చెప్పేయడం కట్టుబాటు ప్రకారం దొంగతనం కిందే లెక్క. భయం మనిషి చేత ఏదైనా చేయిస్తుంది.

శనివారం పొద్దున్న ఆవిడ, "పదండి, పదండి, బస్సు పోతుంది," అని తరుముతుంటే మెట్ల మీద తక్కెడ నా చేయి జారింది. పళ్ళెం తగిలించే ఎడమ చివరి కొక్కెం బయటికి వంగింది. పట్టకారుతో చేతనైనంత సరిచేశాను. ఎత్తి చూస్తే ఎడమ పళ్ళెం రవ్వంత దిగింది. కుడి పళ్ళెం అడుగున చిన్న సీసం ముక్క అతికించాను. ముల్లు నిటారుగా నిలబడింది. అమ్మయ్య అనుకుని సంచీలో పెట్టేశాను.

నా దగ్గర తక్కెడ కొన్న ప్రతివాడికీ నేను చెప్పే మాట ఒకటుంది. ఖాళీగా నిలబడ్డ తక్కెడని నమ్మొద్దు, బరువు పెట్టి, పళ్ళేలు మార్చి, అప్పుడు కూడా నిలబడ్డదాన్నే నమ్మాలి. ముప్పై ఎనిమిదేళ్ళుగా వేల మందికి చెప్పాను. ఆ ఒక్క పొద్దున్న నాకు నేను చెప్పుకోలేదు.

గది నిండిపోయింది. పిల్లలు చాప మీద, పెద్దవాళ్ళు గోడ వారగా. నా దగ్గరే రెండు కాటాలు కొన్న కిరాణా కొట్టాయన కూడా మనవరాలి కోసం వచ్చాడు. నిదానం వాళ్ళమ్మ యూనిఫాంలోనే తలుపు దగ్గర నిలబడింది. అధికారి వెనక కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుని, పదకొండింటికి తనకి ఇంకో చోట సమావేశం ఉందన్నాడు.

మా ఆవిడ కథ అందుకుంది. మొదటి వాక్యమే రెండుసార్లు మొదలుపెట్టింది. గబ్బిలం అవ్వ రాక్షసుడి గుమ్మంలో తల కిందులుగా వేలాడుతూ, "బాబూ, నువ్వెందుకురా తల కిందులుగా నిలబడ్డావు?" అని అడిగేసరికి పిల్లలు పకపకా నవ్వారు. ఆ నవ్వుతో కథ దారిన పడింది. ఉండల దగ్గరికి వచ్చేసరికి పిల్లలందరూ బల్ల చుట్టూ చేరారు.

"మూడు ఇటు, మూడు అటు, మూడు పక్కన," అన్నాడు వాగుడుకాయ, అవ్వ ప్రశ్న అడగడం పూర్తవకముందే.

అధికారి పెదవి విరవడం నేను చూశాను. బట్టీ పట్టించారని అనుకుంటున్నాడు. అనుకోడా మరి.

మూడు ఎడమ పళ్ళెంలో, మూడు కుడి పళ్ళెంలో పెట్టారు. ఎడమ దిగింది. అంటే తేలిక ఉండ కుడివైపు మూడింటిలో ఉంది. ఆ మూడింటిలోంచి ఒకటి ఎడమ పళ్ళెంలో, ఒకటి కుడి పళ్ళెంలో పెట్టారు. మళ్ళీ ఎడమే దిగింది. కుడి పళ్ళెంలో ఉన్నదే నక్షత్రమని వాగుడుకాయ గట్టిగా ప్రకటించాడు. నిదానం ఏదో అనబోతూ నోరు తెరిచింది. ఆమె నోట్లోంచి మాట వచ్చేలోపే వాడు బల్ల మీదున్న చిన్న సుత్తి తీసుకుని ఒక్క దెబ్బ వేశాడు.

ఉండ రెండు ముక్కలైంది. లోపలంతా మట్టే.

ఒక చిన్న పాప, "నక్షత్రం ఆరిపోయిందా అమ్మమ్మా?" అని ఏడుపు మొహం పెట్టింది. అధికారి కాగితం మీద ఏదో రాసుకుని కలం మూత పెట్టాడు. మా ఆవిడ నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఏమైందండీ అన్నట్టు చూసింది, అంతే. నాకు కూడా ఏమైందో అర్థం కాలేదు. ఉండలు నేను తూచినవే, తప్పు జరిగే వీల్లేదు.

"కథ ఆపు," అని వినబడింది.

చెయ్యెత్తింది నిదానం.

"ఆగే ఉందమ్మా," అంది మా ఆవిడ నీరసంగా.

నిదానం బల్ల దగ్గరికి వచ్చింది. పగిలిన ముక్కలు తీసుకుంది. బల్ల మీద రాలిన పొడిని కూడా అరచేత్తో ఊడ్చి, ఒక్క రేణువు వదలకుండా ఏరింది. వాగుడుకాయ ఒంటికాలి మీద గెంతుతున్నాడు. అధికారి లేచి నిలబడ్డాడు. ఆమె ఎవరినీ చూడలేదు. ఆ ముక్కల్నీ పొడినీ ఎడమ పళ్ళెంలో పోసింది. ఇందాక ఎడమ పళ్ళెంలో ఉన్న ఉండని కుడి పళ్ళెంలో పెట్టింది. తక్కెడ ఎత్తింది.

ఎడమ దిగింది.

"ఇందాక ఇది తేలిక అన్నాం," అంది పగిలిన ముక్కలు చూపించి. "ఇప్పుడు ఇదే బరువు అంటోంది. ఉండలు మారలేదు. వాటి చోట్లే మారాయి." ముల్లు మీద వేలు పెట్టింది. "తక్కెడ అబద్ధం చెప్తోంది."

నా తల తీసేసినట్టయింది. మెట్లు, వంగిన కొక్కెం, సీసం ముక్క, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. కిరాణా కొట్టాయన నన్నే చూస్తున్నాడు. కంచే చేను మేస్తే ఇక చెప్పుకోవడానికి ఏముంటుంది? ఒక్క క్షణం నోరు మూసుకుని ఊరుకుందామనిపించింది. పిల్లకి ఏం తెలుసు, గాలికి ఊగిందంటే సరిపోయేది. కానీ ఆ పిల్ల నా వైపు అడుగుతున్నట్టు చూసింది.

"ఆ పిల్ల చెప్పింది నిజం," అన్నాను. "పొద్దున్న నా చేతిలోంచి జారి కొక్కెం వంగింది. ఖాళీ తక్కెడని సీసం పెట్టి నిలబెట్టి తెచ్చాను. బరువు పెట్టి చూడలేదు. కొక్కెం రవ్వంత బయటికి ఉన్నా, సమానమైన బరువులు పెట్టినా సరే అటువైపే దిగుతుంది. తప్పు నాది. ఇంకో తప్పు కూడా ఉంది. మూడు మూళ్ళు చేయమని వీడికి ముందే చెప్పింది నేనే."

"ఎవరికీ చెప్పొద్దన్నారు కదా తాతయ్యా," అన్నాడు వాగుడుకాయ, బాధగా.

ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆవిడ నవ్వలేదు. కానీ ఆవిడ వెన్ను నిటారైంది. పిల్లల వైపు తిరిగి, "విన్నారా? ఆ తక్కెడ ఎవరిది? రాక్షసుడిది. వాడు మోసపు తక్కెడ ఇచ్చి షరతు పెట్టాడు. మోసంతో పెట్టిన షరతు చెల్లదు. నక్షత్రం ఇంకా వెలుగుతూనే ఉంది," అంది. అంటే రాక్షసుణ్ణి నేనే. పిల్లలందరూ హాయిగా ఊపిరి పీల్చుకుని నన్ను కోపంగా చూశారు.

"తాతయ్య కొట్టుకెళ్ళి మంచి తక్కెడ తెద్దాం," అన్నాడు వాగుడుకాయ. కొట్టు బస్సులో అరగంట దూరం. అధికారి గడియారంలో అప్పటికి పదిన్నర దాటింది.

నిదానం తక్కెడనే చూస్తూ నిలబడింది. తప్పు తక్కెడతో కూడా సరిగ్గా తూచే ఉపాయం ఒకటుంది. మా నాన్న నాకు పనిలో చేరిన మూడో ఏట నేర్పాడు. ఈ పిల్లలకి నేనెప్పుడూ చెప్పలేదు. నా నాలుక చివర ఆడుతోంది. చెప్పబోయాను. మా ఆవిడ చెప్పు వచ్చి నా కాలి మీద పడింది, పడి అక్కడే ఉండిపోయింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగినా నోరు మెదపలేదు. ఆ నిమిషం ఎంతసేపు సాగిందో నేను కొలవలేను, అన్నీ కొలిచే నేను.

"ఇది ఎప్పుడూ ఎడమకే అబద్ధం చెప్తుంది కదా," అంది నిదానం, తనలో తను అనుకుంటున్నట్టు. "అయితే అన్నిటినీ ఎడమ పళ్ళెంలోనే పెడదాం. అన్నిటికీ ఒకే అబద్ధం చెప్తుంది. అప్పుడు తేడా దొరికిపోతుంది."

"మరి కుడి పళ్ళెంలో?" అని అడిగాడు అధికారి. ఎప్పుడు వచ్చాడో, బల్ల దగ్గరే ఉన్నాడు.

ఆమె గది అంతా చూసింది. మంటలార్పడానికి మూలన వేలాడదీసిన ఎర్ర బకెట్ కనబడింది. "ఇసుక," అంది.

ఇద్దరు పిల్లలు వెళ్ళి బకెట్ మోసుకొచ్చారు. మొదటి మూడు ఉండలు ఎడమ పళ్ళెంలో పెట్టింది. కుడి పళ్ళెంలో గుప్పెడు ఇసుక, తర్వాత చిటికెడు, తర్వాత నాలుగు రేణువులు. ముల్లు నిటారుగా వచ్చేదాకా వేసింది. వాగుడుకాయ కూడా ఊపిరి బిగబట్టి చూశాడు. కుడి పళ్ళేన్ని ముట్టుకోకుండా ఎడమ పళ్ళెంలో ఉండలు మూడూ తీసేసి రెండో మూడింటిని పెట్టింది. పగిలిన ముక్కలు, పొడితో సహా, అందులో ఒక ఉండ కింద లెక్క. తక్కెడ ఎత్తింది. ముల్లు అటూ ఇటూ ఊగి, నిటారుగా నిలబడింది.

"ఈ ఆరూ ఒకటే. నక్షత్రం ఆ మూడింటిలో ఉంది," అంది, ఇంకా ఎవరూ ముట్టుకోని ఉండలు చూపించి.

"వాటిని తూచకుండానే ఎలా చెప్తావు?" అన్నాడు అధికారి.

"తొమ్మిదిలో ఒక్కటే తేలిక అని కథలో చెప్పారు. ఈ ఆరింటిలో లేదు. ఇంకెక్కడికి పోతుంది సార్?"

"అయినా తూచి చూపించు."

చూపించింది. ఎడమ పళ్ళెం పైకి లేచింది. ఇప్పటిదాకా కిందికే దిగిన ఆ పళ్ళెం మొదటిసారి పైకి లేవడం చూసి పిల్లలు ఓ అని అరిచారు. ఆ మూడింటిలోంచి ఒక ఉండ పెట్టి, దానికి తగ్గ ఇసుక పోసింది. అది తీసి రెండోది పెట్టింది. ముల్లు నిటారుగా నిలబడింది. మూడోది చేతిలోకి తీసుకుని తూచకుండా అధికారికి అందించింది. సుత్తి కూడా ఇచ్చింది.

"మీరే కొట్టండి సార్. ఇదే."

"ఖాయమేనా? తప్పయితే నక్షత్రం ఆరిపోతుంది."

"ఖాయమే," అంది నిదానం. ఈ ఒక్క జవాబు మాత్రం వెంటనే వచ్చింది.

అతను మెల్లగా కొట్టాడు. ఉండ పెంకులా విచ్చుకుంది. లోపల వెండి కాగితం నక్షత్రం మెరిసింది. పిల్లలు పెట్టిన కేకలకి ముందు గదిలో చదువుకుంటున్నవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. వాగుడుకాయ నిదానాన్ని ఎత్తబోయి ఎత్తలేక ఇద్దరూ ఇసుకలో పడ్డారు. తలుపు దగ్గర నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటూ, పక్కావిడతో, "మా అమ్మాయే, మా అమ్మాయే," అంటోంది, పక్కావిడ ఏమీ అడగకపోయినా. నేను ఆ పిల్లని చూసి గర్వంతో పొంగిపోయాను. పరువు పోయిన రోజున అంత సంతోషంగా ఉండటం నాకు అదే మొదలు.

అధికారి నక్షత్రాన్ని బల్ల మీద పెట్టి, చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"నిజం చెప్తానమ్మా. మీరు పిల్లలకి ముందే నేర్పి పెట్టి నాకు ఆట చూపిస్తున్నారనుకున్నాను. మొదటి రెండు తూకాలూ అలాగే ఉన్నాయి. తక్కెడ బాగుండి ఉంటే మెచ్చుకుని, గది మాత్రం తీసేసుకునేవాణ్ణి." నా వైపు చూశాడు. "తక్కెడ పాడవడం ఎవరూ నేర్పిపెట్టలేరు కదా పెద్దాయనా."

"నేర్పితే సరిగ్గా పాడయ్యేది కాదు సార్," అన్నాన్నేను.

అతను నవ్వాడు. జేబులోంచి ఇందాకటి కాగితం తీసి, రాసింది కొట్టేసి, కింద వేరే రాశాడు. మా ఆవిడకిచ్చాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది, చదివి నాకిచ్చింది. వెనక గది శనివారం పది నుంచి పన్నెండు దాకా కథకే. ఒక గంట రెండు గంటలైంది. శిక్షణ తరగతులు పై అంతస్తులో. కింద ఇంకో వాక్యం ఉంది. శిక్షణకి వచ్చే పిల్లల్ని కూడా ముందు ఇక్కడ కూర్చోబెట్టాలట.

ఆవిడ నా చొక్కా చేయి పట్టుకుంది. పదిమందిలో అలా పట్టుకోవడం ఆవిడకి అలవాటు లేదు. "కాలు నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"పెసర గింజంత," అన్నాను. అది అబద్ధం. వారం రోజులు కుంటాను.

అధికారి ఆ రోజు సమావేశానికి ఆలస్యంగా వెళ్ళాడు. గబ్బిలం అవ్వ నక్షత్రాన్ని ఆకాశానికి ఎలా చేర్చిందో పూర్తిగా విని మరీ వెళ్ళాడు. కిరాణా కొట్టాయన మాత్రం సోమవారం పొద్దున్నే రెండు కాటాలూ చంకన పెట్టుకుని నా కొట్టుకి వచ్చాడు. పళ్ళేలు మార్చి చూపించమన్నాడు. నోరెత్తకుండా చూపించాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి, నా అదృష్టం.

తర్వాతి శనివారం గది చాలక పిల్లలు తలుపు బయట దాకా కూర్చున్నారు. కొక్కెం మార్చి, సీసం పీకేసి, తక్కెడని కొత్తగా సరిచేసి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. మా ఆవిడ కథ ఎత్తుకోబోయి ఆగింది. నిదానం లేచి వచ్చింది. పళ్ళేల్లో రెండు సమానమైన రాళ్ళు పెట్టి చూసింది. రాళ్ళు అటుదిటూ ఇటుదటూ మార్చి చూసింది. మళ్ళీ మార్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ పనివాణ్ణి, చేతులు కట్టుకుని పక్కన నిలబడి, పదేళ్ళ పిల్ల తీర్పు కోసం కాచుకున్నాను. ఆమె చాలాసేపు తీసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు, నేను కూడా.

"సరిగ్గా ఉంది తాతయ్యా," అంది.

మా ఆవిడ కథ మొదలుపెట్టింది.